మిలాను గొట్టము, మామడ పట్టీ

నెల్లాళ్లుగా ఇటు రాకపోవడానికి కారణం అనారోగ్యం కాదు, తుప్పు. కీర్తిశేషులైన మా అన్నగారు 1981లో కొన్న విజయ్ సూపర్ స్కూటరును ఆయన కుమారుడు తిరిగి నడిపించాలని పూనుకున్నాడు. కరీంనగరులో మా పెరటి వేపచెట్టు కింద దాని చట్రాన్ని శుభ్రపరచే పని నా పాలబడింది. పదవీ విరమణ చేసిన తెలుగు పండితునికి ఇంతకన్న తగిన పని ఏముంటుంది?

ఇంజను, చక్రాలు, తీగలు విప్పగా మిగిలిన అస్థిపంజరమే చట్రం. ముందు కిరసనాయిలుతో జిడ్డు, మట్టి వదలగొట్టాలి. పిమ్మట రంగుకు కాస్టిక్ సోడా నీళ్లు. నీటిలో సోడా వేయాలి గాని సోడా మీద నీరు పోయరాదు. పోస్తే అది ఉడికి మీదికి చిమ్ముతుంది. అల్యూమినియం భాగాలకు ఆ నీరు తగలరాదు, తినివేస్తుంది. ఆపైన ఇనుప తీగల బ్రష్షు, గరుకు కాగితం. చట్రం మీద చెక్కిన సంఖ్య ఉన్నచోట మాత్రం బ్రష్షును తేలికగా ఆడించాలి. ఆ అంకెలు అరిగిపోతే బండికి ఊరూ పేరూ ఉండవు. వానకాలంలో గీకిన ఇనుము తెల్లవారేసరికి మళ్లీ ఎర్రబడుతుంది. కాబట్టి ఏపూట గీకినంత మేర ఆపూటే రెడ్ ఆక్సైడ్ పూయవలసిందే. ఈ సత్యం నాకు మూడుసార్లు గీకిన తరువాత గాని బోధపడలేదు.

రంగులు ఊడిన కొద్దీ నడుమ ఒక లావాటి ఉక్కు గొట్టం తేలింది. బజాజ్ వారు తొలుత తయారుచేసిన వెస్పాకు ఇట్టి గొట్టం లేదు; దానికి వంచిన రేకే ఒళ్లు, రేకే ఎముక. ఈ భేదం వెనుక ఒక తగవు ఉంది. ఇటలీ దేశస్థుడు ఫెర్డినాండో ఇన్నోచెంటి ఉక్కు గొట్టాల వ్యాపారి. భవన నిర్మాణంలో వేసే పరంజాలకు గొట్టాలు అమ్మి పెద్దవాడయ్యాడు. రెండవ ప్రపంచయుద్ధం ముగిశాక చవక వాహనం చేయదలచి, విమానశాస్త్రం తెలిసిన కొర్రాదీనో దస్కానియోను రూపకల్పనకు పిలిచాడు. చట్రం గొట్టంతోనే ఉండాలని యజమాని, రేకుతో చాలునని ఇంజనీరు. పొసగలేదు. దస్కానియో పియాజియో సంస్థకు వెళ్లి 1946లో వెస్పాను రూపొందించాడు. ఇన్నోచెంటి తన గొట్టంతోనే 1947లో మిలాను నగరపు లంబ్రాతే పేట నుండి లాంబ్రెట్టాను వెలువరించాడు. తన సరుకును వదులుకోలేని వర్తకుని పట్టుదల, అంతే!

1971 నాటికి అక్కడ లాంబ్రెట్టా తయారీ నిలిచిపోయింది. ఆ యంత్రసామగ్రిని భారత ప్రభుత్వం కొని, 1972లో లక్నోలో స్కూటర్స్ ఇండియా సంస్థను నెలకొల్పింది. 1975 నుండి అక్కడ స్కూటర్లు వచ్చాయి. బజాజ్ కోసం ఏళ్ల తరబడి వేచియుండే కాలమది. లక్నో సంస్థను మూసివేయడానికి 2021 జనవరిలో కేంద్రం ఆమోదించింది. అప్పటికి అక్కడ స్కూటర్ల తయారీ ఆగి చాలా ఏళ్లయింది.

ఇక అసలు సంగతి. ఆకాశనీలం, దాని కింద ఆకుపచ్చ, దాని కింద మొదటి రంగు. హ్యాండిలు కింద గొట్టం వంపులో రంగు ఎంతకూ సమతలానికి రాలేదు. గీకి చూస్తే బెత్తెడు వెడల్పు ఇనుప పట్టీ. కాల్చి, గొట్టం చుట్టూ వంచి, రెండు కొసలను రివెట్లతో బిగించిన పట్టీ. అన్నగారు నిర్మల్ ప్రాంతంలో ఉద్యోగం చేసే రోజుల్లో మామడ దగ్గర చట్రం పగిలిందనీ, ఒక కమ్మరి బండిచక్రానికి పట్టా వేసినట్లు దానికీ వేశాడనీ చెప్పేవారు. హాస్యానికి అంటున్నారనుకొని నవ్వేవాళ్లం. పట్టీ కింద గొట్టంలో పగులు ఇప్పటికీ ఉంది.

ఆ మామడ మండలంలోనే దిమ్మదుర్తి ఉంది. ఉక్కు చరిత్ర చదివినవారికి ఆ పేరు కొత్త కాదు. అక్కడి ముడి ఇనుము ఒకనాడు మేలైన ఉక్కుకు పేరుపొందింది. గోదావరికి ఈవలి ఒడ్డున, నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో ఆ ఉక్కును మట్టిమూసలలో కరగించేవారు. హెన్రీ వాయిసీ అనే వైద్యుడు, భూగర్భ శాస్త్రజ్ఞుడు అక్కడికి వెళ్లి చూసి రాసిన వివరణ ఆయన మరణానంతరం 1832లో అచ్చయింది. పారశీక వర్తకులు ఆ మారుమూలకు స్వయంగా వచ్చి ఉక్కు కొనుక్కొనిపోయేవారు. డమాస్కస్ కత్తులకు వాడిన ఉక్కు ఇటువంటిదే. మన 'ఉక్కు' అనే మాటే ఇంగ్లీషువారి నోట 'వూట్జ్' అయిందని పండితుల అభిప్రాయం. 1795లో జార్జి పియర్సన్ దానిపై లండనులో పత్రం సమర్పించాడు. తరువాత మైకేల్ ఫారడే అంతటివాడు ఆ గుట్టు పట్టబోయాడు. విదేశీ ఉక్కు చవకగా దిగి, బొగ్గుకు అడవి కరువై ఆ కొలుములు ఆరిపోయాయి. ఈనాటికీ ఉత్తర తెలంగాణ పొలాల్లో నాగలికి చిట్టెం పెళ్లలు తగులుతాయి.

మా స్కూటరు పట్టీ దిమ్మదుర్తి ఇనుమని నేననను. అది ఏ పాత బండిపట్టా ముక్కో అయివుంటుంది. దాన్ని వేసిన కమ్మరి పూర్వులు ఉక్కు చేశారో లేదో కూడా ఎవరూ చెప్పలేరు. అయినా ఉక్కు పుట్టిన చోట, ఉక్కు గొట్టాల వ్యాపారి చట్రం విరిగితే ఒక పల్లె కొలిమి దాన్ని నిలబెట్టిన మాట నిజం.

"ఇది కోసేసి కొత్తగ వెల్డింగు పెట్టిద్దాం చిన్నాయనా, ఈ పాత అతుకెందుకు?" అన్నాడు అబ్బాయి. నాకు ప్రాణం చివుక్కుమన్నది. తాళపత్ర ప్రతులను పరిష్కరించేవారు ప్రక్షిప్తమని తోచిన పద్యాన్ని చింపి పారేయరు. కుండలీకరణాల్లో ఉంచి అట్టే అచ్చువేస్తారు. అలా వేయక 'బాగుచేసిన' గ్రంథాల వల్ల మనం పోగొట్టుకొన్నది కొంచెమా? అయితే పద్యం విరిగితే ఎవరూ పడిపోరు, చట్రం విరిగితే మనిషి పడతాడు. వాడి వాదంలోనూ బలముందని ఒప్పుకొన్నాను. మెకానిక్కును పిలిచి చూపించాం. ఆయన సుత్తితో తట్టి, పట్టీ కదలలేదన్నాడు. పగులు రెండు కొసల వద్దా వెల్డింగు చుక్క పెట్టి, పట్టీ జోలికి పోనక్కరలేదన్నాడు.

మరో చిక్కు మిగిలింది. 2021 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన వాహనాన్ని వింటేజి కింద నమోదు చేయించుకోవచ్చు. చట్రంలో మార్పు చేసి ఉండరాదు. మా బండికి యాభై నిండేది 2031లో. ఆ పట్టీ మరమ్మతా, మార్పా అనేది అప్పటి అధికారులు తేల్చాలి.

నిన్నటికి రెడ్ ఆక్సైడ్ రెండు పూతలు పడ్డాయి. పట్టీ మీద మాత్రం రంగు వేయనీయలేదు, వార్నిషు పూశాను. ఇంజను ఇంకా గోనెసంచిలోనే ఉంది.