జీవవైవిధ్య ఉద్యానం

మనుషుల విహారానికే కాక చెట్లు, పక్షులు, సీతాకోకచిలుకలు, కప్పలు, చిన్న జంతువులు స్థిరంగా బతకడానికీ వీలుగా నగరాల్లో తీర్చిదిద్దిన పచ్చని స్థలమే జీవవైవిధ్య ఉద్యానం. మామూలు పార్కులో పచ్చిక, పూలమడులు, సమంగా కత్తిరించిన కంచె మొక్కలు ప్రధానం. ఇక్కడ తిండి, నీరు, గూడు, చాటు ప్రధానం. ఈ నాలుగూ ఏడాది పొడవునా దగ్గరదగ్గరగా దొరికితేనే పక్షి అక్కడ పిల్లల్ని పెంచుతుంది. లేకుంటే కాసేపు వాలి వెళ్లిపోతుంది. కంటికి ఎంతో పచ్చగా కనిపిస్తూ పిట్ట కూత వినిపించని పార్కులు మన నగరాల్లో కొల్లలు.

ఏ మొక్కలు, ఎందుకు

ఎన్ని మొక్కలు నాటారన్నదాని కన్నా ఏవి నాటారన్నది ముఖ్యం. గింజలు, పండ్లు తినే పక్షుల్లో కూడా చాలా జాతులు పిల్లలకు మొదట్లో పురుగులనే మేపుతాయి. ఉత్తర అమెరికాలో చికడీ అనే చిన్న పిట్టల జంట ఒక్క విడత పిల్లల్ని పెంచడానికి 6,000 నుంచి 9,000 గొంగళిపురుగులు పట్టుకొస్తుందని కీటక శాస్త్రవేత్త డగ్లస్ టాలమీ లెక్కగట్టారు. వాషింగ్టన్ నగర పరిసరాల్లోని పెరళ్లను పరిశీలించి ఆయనా సహచరులూ 2018లో ఒక అధ్యయనం ప్రచురించారు. స్థానిక మొక్కల వాటా 70 శాతం కన్నా తక్కువ ఉన్న పెరళ్లలో ఆ పిట్టల సంతతి నిలదొక్కుకోలేదని అందులో తేలింది. ఆకు తినే పురుగుల్లో చాలావాటికి ఫలానా మొక్కే కావాలి. ఆకులోని విషాలను అరిగించుకునే శక్తి వాటికి వేల తరాల సహవాసంతో వచ్చింది.

దీన్ని మన పెరట్లోనే చూడవచ్చు. కరివేపాకు మీద, నిమ్మ మీద గుడ్లు పెట్టే సీతాకోకచిలుక పక్కనే ఉన్న క్రోటన్ వైపు చూడదు. జిల్లేడు, రేల, ఈశ్వరి తీగ ఒక్కొక్కటీ వేరే జాతుల గొంగళిపురుగులను పోషిస్తాయి. జిల్లేడును కలుపు అని పీకేసి సీతాకోకచిలుకల పార్కు పెట్టాలనుకోవడంలో అర్థం లేదు.

నగర వనంలో మర్రి, రావి, మేడి, జువ్విలది ప్రత్యేక స్థానం. వీటిలో ఒక్కో జాతికి సాధారణంగా దానికే చెందిన సన్నని కందిరీగ పరాగసంపర్కం చేస్తుంది. ఆ కందిరీగ గుడ్లు పెట్టేది ఆ కాయల్లోనే, దాని బతుకు కొద్దిరోజులే. అందుకని ఒక చెట్టు కాపు ముగిసేసరికి ఆ చుట్టుపక్కల అదే జాతి చెట్టు మరొకటి కాపుకు వస్తుండాలి. ఈ ఏర్పాటు వల్ల మిగతా చెట్లకు కాయలు లేని రోజుల్లో కూడా కంసాలిపిట్టకు, కోకిలకు, గోరువంకకు, రాత్రిపూట గబ్బిలాలకు పండ్లు దొరుకుతాయి. అయితే వీటి వేళ్లు గోడలను, మురుగు కాలువలను చీలుస్తాయి కాబట్టి ఇరుకు ఫుట్‌పాత్‌ల మీద కాక విశాలమైన స్థలంలోనే నాటాలి.

పెద్ద చెట్టు, చిన్న చెట్టు, పొద, గడ్డి అంతస్తులుగా ఉండాలి. దర్జీపిట్ట ఆకులు కుట్టి గూడు కట్టుకునేది చేతికందే ఎత్తులోనే. జెముడుకాకికి గుబురు లేకపోతే బతుకే లేదు. పార్కుల్లో మొదట మాయమయ్యేది ఈ పొదల అంతస్తే. పాములుంటాయని, ఆకతాయిలు దాక్కుంటారని నరికేస్తారు. ఆ భయాన్ని కొట్టిపారేయలేం. నడకదారికి ఇరువైపులా కొంతమేర చూపు ఆనేలా ఖాళీగా ఉంచి, పొదలను లోపలి భాగానికి వదిలేయడం మధ్యేమార్గం.

ఒకే జాతిని బారులు తీర్చి నాటడం మరో పొరపాటు. ఎల్మ్ చెట్లకు సోకిన తెగులు అమెరికాలో వీధులకు వీధులనే మోడు చేసింది. ఆ అనుభవంతో అక్కడి వృక్ష జన్యుశాస్త్రవేత్త ఫ్రాంక్ శాంటమూర్ 1990లో ఒక సూత్రం చెప్పారు: నగరంలోని చెట్లలో ఏ ఒక్క జాతీ 10 శాతం, ఏ ప్రజాతీ 20 శాతం, ఏ కుటుంబమూ 30 శాతం మించకూడదు. తెలుగు పట్టణాల డివైడర్ల మీద కోనోకార్పస్ పెంపకం దీనికి సరిగ్గా వ్యతిరేకం. త్వరగా పెరుగుతుంది, పశువులు ముట్టవు అని తెచ్చి నాటారు. మన పురుగులకూ పక్షులకూ దానివల్ల ఒరిగేది తక్కువ. తెలంగాణ ప్రభుత్వం తర్వాత తన మొక్కల పెంపకం కార్యక్రమం హరితహారంలో దాన్ని నాటడం ఆపించింది.

నీరు: సింగపూర్ పాఠం

నిలువు గోడల సిమెంటు కొలను అందంగా ఉంటుంది కానీ అందులో పడ్డ ఉడుత పైకి రాలేదు. కప్పకైనా తూనీగకైనా మెల్లగా వాలిన ఒడ్డు, అక్కడ లోతులేని నీళ్లు, వాటిలో తుంగ, జమ్ము లాంటి మొక్కలు కావాలి.

ఈ మార్పును పెద్ద ఎత్తున చేసి చూపించింది సింగపూర్‌లోని బిషన్-ఆంగ్ మో కియో పార్కు. ఇది 1988లో మొదలైంది. దాని అంచున కలాంగ్ నది 2.7 కిలోమీటర్ల కాంక్రీటు కాలువగా, కంచె అవతల పారేది. కాలువకు మరమ్మతులు చేయాల్సి వచ్చినప్పుడు జలమండలి, పార్కుల శాఖ కలిసి కాంక్రీటునే తీసేశాయి. జర్మనీకి చెందిన డ్రైజైట్ల్ సంస్థ రూపకల్పన చేసింది. నదిని పార్కు మధ్యకు తెచ్చి, వంపులతో సుమారు 3 కిలోమీటర్ల మేర పారనిచ్చారు. ఒడ్డు కోసుకుపోకుండా మొక్కల వేళ్లు, రాళ్లు, కట్టెల మోపులతో కట్టారు. ఏ పద్ధతి నిలుస్తుందో ముందుగా ఒక చిన్న కాలువ మీద పరీక్షించాకే నదిలో దిగారు. పగలగొట్టిన కాంక్రీటు పలకలను పారేయకుండా పార్కులోనే గుట్టగా పేర్చారు.

2012లో తిరిగి తెరిచిన ఈ 62 హెక్టార్ల పార్కులో గట్టి వాన పడితే పచ్చిక బయలంతా వరద మైదానమవుతుంది. నీరు తగ్గాక జనం మళ్లీ నడుస్తారు. బయటి నుంచి ఏ జంతువునూ తెచ్చి వదల్లేదు. అయినా రెండేళ్లలో జీవవైవిధ్యం 30 శాతం పెరిగిందని సింగపూర్ ప్రకటించింది. తర్వాత నీటికుక్కల కుటుంబం ఒకటి తనంత తానే వచ్చి చేరి నగరమంతటా పేరు తెచ్చుకుంది. మన కోరింగ మడ అడవుల్లో తిరిగేదీ ఈ జాతి నీటికుక్కే.

దక్కన్ నేల

పచ్చదనమంటే దట్టమైన అడవే అన్న అభిప్రాయం దక్కన్‌కు అతకదు. ఇక్కడి సహజ వనం చాలాచోట్ల బండరాళ్లు, రేగు, పరికి, తంగేడు, మోదుగ, మధ్యమధ్య గడ్డి. జపాన్ వృక్షశాస్త్రవేత్త అకీరా మియావాకీ (1928-2021) పద్ధతిలో చదరపు మీటరుకు మూడు నాలుగు మొక్కలు కిక్కిరిసి నాటడం ఇప్పుడు మున్సిపాలిటీలకు అలవాటైంది. వాడిన పారిశ్రామిక స్థలానికి, రోడ్డు పక్క చిన్న ముక్కకు అది మేలే. రాతి గడ్డిభూమిని తవ్వి ఆ పని చేస్తే మాత్రం నేల మీద గూడు పెట్టే పిట్టల చోటు పోతుంది.

ఉన్నదాన్ని ఉంచడమే ఇక్కడ మొదటి రూపకల్పన. హైదరాబాద్ నడిబొడ్డున చిరాన్ ప్యాలెస్ చుట్టూ మిగిలిన పొద అడవిని 1998లో కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. అక్కడ నెమళ్లు తిరుగుతున్నది బండల మధ్య ఆ పొదలు మిగిలినందుకే. చెడిపోయిన నేలను తిరిగి నిలబెట్టడానికి గురుగ్రామ్‌లోని ఆరావళి జీవవైవిధ్య ఉద్యానం మంచి ఉదాహరణ. గనులు తవ్వి వదిలేయగా సర్కారు తుమ్మ ఆక్రమించిన కొండనేల అది. 2010 నుంచి పౌరులు ఆరావళి అడవుల విత్తనాలు ఏరి, నారు పెంచి, ఆ ప్రాంతపు చెట్లనే నాటుకుంటూ వచ్చారు.

నిర్వహణ

నిర్వహణలో ఖర్చు తక్కువ, అభ్యంతరాలు ఎక్కువ. రాలిన ఆకును ఊడ్చి తగలబెట్టకుండా చెట్టు కిందే ఉంచాలి. గడ్డిని ఒకేసారి కాక వంతులవారీగా, గింజ రాలాక కోయాలి. దారి మీద పడే ప్రమాదం లేని ఎండు చెట్టును నిలబెట్టాలి: వడ్రంగిపిట్ట తొలిచిన తొర్రలో తర్వాత చిలుక, పైడికంటి కాపురం పెడతాయి. దీపాలు నేలవైపు తిరిగి, పసుపు కాంతితో, జనం లేని వేళ ఆరిపోయేలా ఉండాలి. పార్కు కాంట్రాక్టు బిల్లులు మాత్రం నేటికీ నాటిన మొక్కల సంఖ్యకు, కోసిన పచ్చికకు, ఊడ్చిన చెత్తకే వస్తాయి. గూళ్లను లెక్కపెట్టే నిబంధన చేరనంత వరకు ఏ రూపకల్పనా కాగితం దాటి ముందుకు రాదు.