తెగిన మోచేయి, తెగని ఓర్పు

1974 జులై 17. అమెరికాలో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్, మాంట్రియల్ ఎక్స్‌పోస్ జట్ల మధ్య బేస్‌బాల్ ఆట జరుగుతోంది. డాడ్జర్స్ తరఫున ఎడమచేతితో బంతి విసురుతున్న టామీ జాన్ వయసు 31 ఏళ్లు. ఆ సీజన్‌లో అప్పటికి ఆయన ఖాతాలో 13 విజయాలు, 3 ఓటములు. ఇంతలో ఒక బంతి విసరగానే మోచేతిలో ఏదో తెగినట్లయింది. ఆయన మైదానం వీడక తప్పలేదు.

క్రికెట్ బౌలర్ మోచేతిని చాచి బంతి వేస్తాడు. బేస్‌బాల్ పిచ్చర్ మోచేతిని మడిచి, కొరడా ఝళిపించినట్లు విసురుతాడు. ఆ క్షణంలో మోచేతి లోపలివైపున ఉండే అల్నార్ కొలేటరల్ లిగమెంట్ మీద విపరీతమైన ఒత్తిడి పడుతుంది. భుజం నుంచి వచ్చే ఎముకను ముంజేతి ఎముకతో కట్టి ఉంచే చిన్న పట్టీ అది. చాలామందిలో అది ఏళ్ల తరబడి సన్నగా చీలుతూ వచ్చి, ఒకనాడు పూర్తిగా తెగుతుంది. ఆ రోజుల్లో అలా తెగిందంటే పిచ్చర్ వృత్తి జీవితం ముగిసినట్లే.

జట్టు వైద్యుడు డాక్టర్ ఫ్రాంక్ జోబ్ కొత్త మార్గం ఆలోచించారు. 1974 సెప్టెంబరు 25న టామీ జాన్ కుడి ముంజేతి నుంచి పామారిస్ లాంగస్ అనే కండరపు టెండన్‌ను తీసి, ఎడమ మోచేతి ఎముకల్లో రంధ్రాలు చేసి, వాటి గుండా దారంలా అల్లి బిగించారు. బొటనవేలిని చిటికెన వేలికి ఆనించి మణికట్టును వంచితే, ముంజేతి మధ్యలో తాడులా పైకి లేచేది ఈ టెండనే. కొందరికి ఇది పుట్టుకతోనే ఉండదు. అయినా చేతి పనికి చెప్పుకోదగ్గ లోటు రాదు. అందుకే దానిని నిశ్చింతగా వాడుకోవచ్చు.

తిరిగి ఆడే అవకాశం నూటికి ఒక పాలేనని జోబ్ ముందే చెప్పారు. తరువాత అల్నార్ నరం దెబ్బతిని చేతి వేళ్లు బలహీనపడడంతో, ఆ డిసెంబరులో రెండో శస్త్రచికిత్స అవసరమైంది. 1975 సీజన్ మొత్తం టామీ జాన్ ఆడలేదు. కొత్త చోట అమర్చిన టెండన్‌లోకి రక్తనాళాలు మెల్లగా పెరగాలి, కొత్త కణాలు చేరాలి, క్రమంగా అది లిగమెంట్ లక్షణాలను సంతరించుకోవాలి. ఈ కాలాన్ని ఏ శస్త్రవైద్యుడూ కత్తితో కుదించలేడు.

1976లో ఆయన తిరిగి వచ్చారు. ఆ ఏడాది 10 విజయాలు, 10 ఓటములు. 1977లో 20 విజయాలు. న్యూయార్క్ యాంకీస్‌లో చేరాక 1979లో 21, 1980లో 22. 1989లో, 46వ ఏట విరమించేనాటికి మొత్తం విజయాలు 288. వాటిలో 164 శస్త్రచికిత్స తరువాత సాధించినవే! నేడు ఆ శస్త్రచికిత్సనే ‘టామీ జాన్ సర్జరీ’ అంటున్నారు.

అయితే ఈ విజయగాథకు ఒక చీకటి కోణం ఉంది. ఈ శస్త్రచికిత్స చేయించుకుంటే చేతికి మునుపటి కంటే ఎక్కువ బలం వస్తుందన్న అపోహ అమెరికాలో కొందరు తల్లిదండ్రుల్లో, పిల్లల్లో ప్రబలింది. పాఠశాల వయసు పిల్లలకు కూడా ఇది చేయవలసి వస్తోంది. తన పేరిట ఉన్న శస్త్రచికిత్స పిల్లల దాకా రావడం పట్ల టామీ జాన్ స్వయంగా ఆవేదన వ్యక్తం చేశారు. 2014లో అక్కడి బేస్‌బాల్ సంస్థలు వయసును బట్టి పిల్లలు రోజుకు ఎన్ని బంతులు విసరవచ్చో సూచించాయి. 9, 10 ఏళ్ల వారికి 75, 17, 18 ఏళ్ల వారికి 105. ఏటా కనీసం నాలుగు నెలలు విసరడం మానాలని కూడా చెప్పాయి.

శస్త్రచికిత్స తెగినదానిని అతుకుతుంది కానీ, తెగకుండా కాపాడేది విశ్రాంతే. మన ఇళ్లలో క్రికెట్ ఆడే పిల్లవాడు భుజం నొప్పి అనో, మోచేయి నొప్పి అనో చెబితే, నొప్పి మాత్ర వేసి మళ్లీ మైదానానికి పంపకండి. ముందు ఆట ఆపించండి. నొప్పి తగ్గకుంటే ఎముకల వైద్యునికి చూపించండి. టామీ జాన్ చేతిని నిలబెట్టింది జోబ్ నైపుణ్యం ఒక్కటే కాదు, ఒక సీజన్ మొత్తం పోటీలకు దూరంగా ఉండగలిగిన ఆయన ఓర్పు కూడా.