నిద్ర కొరకు మానవుని అన్వేషణ

కోనసీమ చరిత్రలో మరపురాని రాత్రులు కొన్ని ఉన్నాయి. 1995 జనవరి 8వ తేదీన పాశర్లపూడి వద్ద చమురు, సహజవాయు సంఘం వారి బావి నుండి వాయువు ఒక్కసారిగా ఎగదన్ని అంటుకున్నది. ఆ మంట రెండు నెలలకు పైగా ఆరలేదు. చుట్టుప్రక్కల వారు ఇండ్లు విడిచిపోవలసి వచ్చింది. ఆ కొబ్బరితోటల మీద చీకటి పడలేదు, హోరు ఆగలేదు. మరుసటి సంవత్సరం నవంబరు 6వ తేదీ రాత్రి పెనుతుపాను కోనసీమ మీద విరుచుకుపడింది. తీర ప్రాంతంలో వేయిమందికి పైగా ప్రాణాలు పోయినాయి.

వెలుతురు, చప్పుడు, భయం - ఈ మూడును నిద్రకు శత్రువులే. అయితే మంట ఆరుతుంది, గాలి తగ్గుతుంది. ఇటువంటి ఆపదలు గడచిన కొన్ని వారాలకు చాలమందికి నిద్ర తిరిగి వస్తుంది. కొందరికి మాత్రం నెలలు గడచినా, ఏండ్లు గడచినా రాదు. పరీక్ష తప్పిన విద్యార్థికైనా, అప్పులపాలైన గృహస్థునికైనా ఇట్లే జరుగవచ్చును. కారణం తొలగిపోయిన తరువాత కూడ నిద్రలేమి ఎందుకు నిలిచిపోతున్నది? ఈ ప్రశ్నకు సరియైన సమాధానం నిన్న మొన్నటి వరకు దొరకలేదు. అది దొరికిన తీరు తెలిస్తే, నిద్ర పట్టే ఉపాయం కూడ తెలిసినట్లే.

ప్రాచీనుల మాట

మన పూర్వులు నిద్రను చిన్నచూపు చూడలేదు. ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం అనే మూడును శరీరాన్ని నిలబెట్టే ఉపస్తంభాలని చరకసంహిత చెప్పింది. నిద్ర పట్టకపోవడానికి పని, కాలం, రోగం, మనిషి ప్రకృతి, వాతం కారణాలని అందులోనే ఉన్నది. చికిత్సగా చెప్పినవి తైలమర్దనం, స్నానం, పాలు, నెయ్యి, పెరుగన్నం, మనసుకు ఇంపైన వాసనలు, శబ్దాలు, సుఖమైన శయ్య. నిద్ర రానివారికి గేదెపాలు హితమన్నది కూడ చరకుని మాటే. కోనసీమలో పాడి గేదె, తలంటుపోత తెలియని ఇల్లు అరుదు గనుక ఈ చికిత్స ఇక్కడి వారికి కొత్తగా తోచదు.

ఈ జాబితాలో ఆధునికులు ఒప్పుకొనే అంశాలు లేకపోలేదు. పడుకోవడానికి గంట, రెండు గంటల ముందు వేడినీళ్ల స్నానం చేస్తే చర్మానికి రక్తప్రసారం హెచ్చి, లోపలి వేడి బయటకు పోతుంది. శరీరం లోపల కొద్దిగా చల్లబడడం నిద్రకు అనుకూలం. కాని ఈ ఉపాయాలన్నీ నిద్రను ఆహ్వానించేవే. పట్టుబట్టి దూరమైన నిద్రను తిరిగి రప్పించడం వేరొక సమస్య.

మందుల వేట

పందొమ్మిదవ శతాబ్దంలో రసాయనశాస్త్రం ఈ సమస్యను తన చేతిలోకి తీసుకున్నది. 1832లో జర్మనీలో లీబిగ్ తయారుచేసిన క్లోరల్ అనే పదార్థం నుండి వచ్చిన క్లోరల్ హైడ్రేట్ నిద్ర పుట్టిస్తుందని 1869లో బెర్లిన్‌లో లీబ్రైఖ్ చూపించాడు. 1903లో ఎమిల్ ఫిషర్, వాన్ మేరింగ్ వెరొనాల్‌ను వెలువరించారు. బార్బిట్యురేట్లు అనే మందుల కుటుంబానికి ఇదే మొదలు. ఇవి నిద్ర పుట్టించిన మాట నిజమే. కాని నిద్ర కలిగించే మోతాదుకు, ప్రాణం తీసే మోతాదుకు నడుమ దూరం చాల తక్కువ. పైగా కొన్నాళ్లకు అదే మోతాదు చాలదు. మానబోతే శరీరం తిరగబడుతుంది.

ఇంచుమించు ఇదే కాలంలో మన దేశపు మూలిక ఒకటి ప్రపంచం దృష్టికి వచ్చింది. అది సర్పగంధి. పాముకాటుకు, ఉన్మాదానికి, నిద్రలేమికి నాటువైద్యులు దాని వేరును తరతరాలుగా వాడుతూనే ఉన్నారు. 1931లో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే వైద్యులు ఉన్మాదం, రక్తపుపోటు గల రోగులలో దాని గుణాన్ని ప్రకటించారు. ఆ సంవత్సరమే ఢిల్లీలోని తిబ్బియా కళాశాలలో సిద్దీఖీలు ఆ వేరు నుండి ఆల్కలాయిడ్లను వేరుచేశారు. 1952లో స్విట్జర్లాండ్‌లో రెసెర్పిన్ అనే ముఖ్యమైన సారం బయటపడింది. రక్తపుపోటు చికిత్సలోను, మానసిక చికిత్సలోను అది కొంతకాలం గొప్పగా వెలిగింది. అయితే కొందరిలో తీవ్రమైన దిగులు కలుగుతున్నదని వెల్లడికావడంతోను, మేలైన మందులు రావడంతోను వెనుకబడింది.

ఆ తరువాత జరిగినది మందుల చరిత్రలోనే విషాదకరమైన ఘట్టం. 1957లో పశ్చిమ జర్మనీలో థాలిడోమైడ్ అనే మందును ఎవరికీ హాని చేయని నిద్రమాత్రగా అమ్మకానికి పెట్టారు. గర్భిణులు కూడ వాడారు. 1961 చివరకు గాని దాని దుష్ఫలితం తెలియలేదు. ఈలోగా కాళ్లు చేతులు సరిగా ఏర్పడని శిశువులు వేలకొలది పుట్టారు. 1960 తరువాత వచ్చిన లిబ్రియం, వాలియం వంటివి బార్బిట్యురేట్ల కంటె క్షేమకరమైనవే. అయినా చాల రోజులు వాడితే అలవాటుగా మారుతాయని, వృద్ధులలో తూలి పడిపోవడానికి కారణమవుతాయని తేలింది.

మందు నిద్రను తెచ్చిపెట్టగలదు. నిద్రపోయే శక్తిని మాత్రం తెచ్చిపెట్టలేకపోయింది. ఎందుకని? నిద్ర అంటే ఏమిటో సరిగా తెలియకముందే దానికి మందు వెతికారు గనుక.

గడియారం, ఆకలి

నిద్రను తెలుసుకొనే ప్రయత్నం ఒక మొక్కతో మొదలైనది. అత్తిపత్తి ఆకులు రాత్రి ముడుచుకొని పగలు విప్పుకుంటాయి గదా! 1729లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ద మైరాన్ ఆ మొక్కను చీకటిలో ఉంచాడు. సూర్యరశ్మి లేకున్నా ఆకులు వేళకు విప్పుకుంటూనే ఉన్నాయి. ప్రాణి లోపల ఒక గడియారం ఉన్నదన్న ఊహకు ఇది బీజం. 1938లో క్లైట్మన్, ఆయన శిష్యుడు రిచర్డ్సన్ అమెరికాలోని మామత్ గుహలో, పగలు రాత్రి తెలియని చోట, 32 రోజులు ఉన్నారు. రోజుకు 28 గంటలుగా జీవించడానికి ప్రయత్నించారు. శిష్యుడు కొంత అలవాటు పడ్డాడు. గురువు శరీరం మాత్రం 24 గంటల లెక్కను వదలలేదు. ఈ గడియారపు యంత్రాంగాన్ని జన్యువులలో చూపినందుకు 2017లో ముగ్గురు అమెరికన్ శాస్త్రజ్ఞులకు నోబెల్ బహుమతి లభించింది.

ఈ గడియారాన్ని సరిదిద్దేది వెలుతురు. 1958లో ఆరన్ లెర్నర్ మెలటోనిన్ అనే హార్మోనును కనుగొన్నాడు. చీకటి పడిన తరువాత పీనియల్ గ్రంథి దీనిని స్రవిస్తుంది. రాత్రి కాంతివంతమైన దీపం ముందుంటే మనిషిలో ఆ స్రావం ఆగిపోతుందని 1980లో రుజువైనది. పాశర్లపూడి మంట ఊరంతటికి తెచ్చిన వెలుగు వంటిదానినే నేడు ఒక్కొక్కరు అరచేతిలో పట్టుకొని పక్క ఎక్కుతున్నారు. దాని తీవ్రత తక్కువే; కాని అది కంటికి జానెడు దూరంలో ఉంటుంది. దానిలోని కబుర్లు మనసును మేలుకొలుపుతూనే ఉంటాయి.

గడియారం ఒక్కటే చాలదు. మేలుకొని ఉన్నకొద్దీ నిద్ర కొరకు ఒత్తిడి పెరుగుతుంది. మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకోవడం దీనికి ఒక కారణం. కాఫీలోని కెఫీన్ ఆ అడినోసిన్ పనిని అడ్డుతుంది. త్రాగిన కెఫీన్‌లో సగం ఖర్చు కావడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. కనుక సాయంత్రపు కాఫీ అర్ధరాత్రి కూడ పనిచేస్తూనే ఉంటుంది. ఈ గడియారం, ఈ ఒత్తిడి కలిసి నిద్రను నడుపుతాయని 1982లో జూరిక్‌లో బోర్బేలీ ప్రతిపాదించాడు. ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అన్న మన సామెతలో ఈ రెండవ సగం ఎప్పటి నుండో ఉన్నది. నిద్ర కూడ ఒక ఆకలి. పగలంతా చిరుతిండి తిన్నవానికి రాత్రి అన్నం సహించనట్లే, పగలంతా కునుకు తీసినవానికి రాత్రి నిద్ర పట్టదు.

మంచం నేర్చిన పాఠం

ఇక మొదటి ప్రశ్నకు రావచ్చును. 1980-90 దశకంలో న్యూయార్క్‌లో స్పీల్మన్ నిద్రలేమికి మూడు రకాల కారణాలను చెప్పాడు. మనిషి స్వభావంలో ఉన్నవి కొన్ని. నిద్రను మొదట చెడగొట్టే సంఘటనలు కొన్ని. చెడిన నిద్రను అట్లే నిలిపి ఉంచే అలవాట్లు కొన్ని. తుపాను రెండవ రకం. అది వెళ్లిపోతుంది. కాని నిద్ర చాలలేదని మనిషి పెందలకడనే పక్క ఎక్కుతాడు; తెల్లవారినా లేవడు; మధ్యాహ్నం పడుకుంటాడు; రాత్రంతా గడియారం చూస్తాడు. నిద్రను సంపాదించడానికి చేసిన ఈ పనులే నిద్రను చెడగొడతాయి. ఇదే మూడవ రకం. నిద్రను తరిమినది ఒకటి, తిరిగి రానీయనిది మరొకటి.

అంతకుముందే, 1972లో, బూట్‌జిన్ అనే అమెరికన్ మనశ్శాస్త్రజ్ఞుడు మరొక సంగతి గ్రహించాడు. మంచం మీద దొర్లుతూ చింతించే రాత్రులు ఎక్కువైతే, మంచమే మెలకువకు గుర్తుగా మారిపోతుంది. కుర్చీలో కునికిపాట్లు పడే మనిషికి పక్క మీద వాలగానే మెలకువ రావడం ఇందువల్లనే. కనుక మంచానికి మరల నిద్రనే నేర్పాలి. ఈ సూత్రాల మీద నిలిచిన చికిత్సనే, దీర్ఘకాలపు నిద్రలేమి గల పెద్దలకు మందుల కంటె ముందుగా ఇవ్వాలని అమెరికన్ వైద్యుల కళాశాల 2016లో సిఫారసు చేసింది.

ఆచరణ

ఈ పద్ధతిలో ఖర్చు లేదు. ఓపిక మాత్రం కావాలి. ముందుగా, ఎప్పుడు నిద్రపోయినా ఒకే వేళకు లేవాలి. ఆదివారమైనా సరే. లేచిన వెంటనే ఆరుబయట కొంతసేపు వెలుతురులో తిరిగితే గడియారం సరిపడుతుంది. కన్నులు మూతపడుతున్నప్పుడే పక్క ఎక్కాలి. సుమారు పావుగంట, ఇరవై నిమిషాలలో నిద్ర పట్టలేదని తోస్తే లేచి, మసక వెలుతురులో ప్రశాంతమైన పని ఏదైనా చేసుకొని, నిద్ర వచ్చినప్పుడే తిరిగి పడుకోవాలి. ఎన్నిసార్లు కావలసివస్తే అన్నిసార్లు ఇట్లే చేయాలి. పక్క మీద చదువు, తిండి, ఫోను కూడవు. గడియారం కంటికి కనబడని చోట ఉండాలి.

ఇంకను లొంగకపోతే స్పీల్మన్ పద్ధతి ఉన్నది. రెండు వారాలు నిద్రవేళలను పుస్తకంలో వ్రాసుకోవాలి. ఎనిమిదిన్నర గంటలు పక్క మీద ఉన్నా నిద్రపోయినది ఆరు గంటలే అయితే, ఇక పక్క మీద ఉండవలసినది ఆరు గంటలే. నిద్ర గాఢమైనకొద్దీ వారానికి పావుగంట చొప్పున పెంచుకోవచ్చును. ఐదు గంటలకు మాత్రం తగ్గించరాదు. మొదటి వారాలలో పగలు మత్తుగా ఉంటుంది గనుక వాహనాలు నడిపేవారు, మూర్ఛరోగులు, మానసిక వ్యాధి గలవారు వైద్యుని సలహా లేకుండ దీనికి పూనుకోరాదు. పెద్ద గురకతో ఊపిరి ఆగి ఆగి మేల్కొనేవారికి వేరే చికిత్స అవసరం. నిద్రమాత్రలు వాడుతున్నవారు తమంత తాము హఠాత్తుగా మానడం ప్రమాదకరం.

విద్యార్థుల సంగతి కొంత వేరు. యౌవనారంభంలో లోపలి గడియారం సహజంగానే ఆలస్యంగా నడుస్తుంది. పదమూడు నుండి పద్దెనిమిది ఏండ్లవారికి ఎనిమిది నుండి పది గంటల నిద్ర కావాలి. పైన చెప్పిన నిద్ర తగ్గింపు వారు స్వయంగా చేయవలసినది కాదు. చదివిన పాఠం మనసులో కుదురుకొనేది నిద్రలోనే గనుక, పరీక్షకు ముందు రాత్రి మేలుకొని చదివినవాడు తాను చదివినదానినే పోగొట్టుకుంటాడు. ఉపాధ్యాయులు తరగతిలో చెప్పదగిన శరీరశాస్త్ర పాఠాలలో ఇది ఒకటి.

మూలికలోను, మాత్రలోను మానవుడు ఎంతకాలమో నిద్రను వెతికాడు. ప్రతి మందు కొంత మేలు చేసింది. కొంత వెల తీసుకున్నది. నిద్ర బలవంతంగా తెచ్చుకొనే వస్తువు కాదని, వేళకు లేచి, పగలంతా మేలుకొని, చీకటిని చీకటిగా ఉంచినవానికి అది దానంతట అదే వస్తుందని ఈ చరిత్ర వల్ల తెలుస్తున్నది.