ఊపిరా, నాడా? 1889లో హైదరాబాద్‌లో జరిగిన వాదన

మేముండేది హైటెక్ సిటీ పక్క హాస్టల్‌లో. ఇక్కడ చరిత్రంటే 1998 నాటి సైబర్ టవర్స్ నుంచే మొదలుపెడతరు. కానీ అంతకు నూరేండ్ల ముందే పాత హైదరాబాద్ పేరు ప్రపంచ వైద్యుల నోట్లో నానింది. ఫిజియాలజీ చదివే మనోళ్లు ఈ ముచ్చట తెలుసుకోవాలె.

అప్పట్లో ఆపరేషన్‌కు మత్తంటే క్లోరోఫాం. దానితో కొందరు బల్ల మీదనే చనిపోయేటోళ్లు. ముందు ఆగేది శ్వాసా, గుండెనా? హైదరాబాద్ మెడికల్ స్కూల్‌ను నడిపిన సర్జన్ ఎడ్వర్డ్ లారీ శ్వాసే అన్నడు. నాడి అక్కర్లేదు, ఊపిరి చూస్తే చాలన్నడు. నిజాం సర్కారు ఖర్చుతో 1888, 1889లో రెండు కమిషన్లు కూర్చున్నయి. రెండోదానికి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చిండు. కుక్కలు, కోతుల మీద ప్రయోగాలు చేసి లారీ మాటే ఖాయం చేసిన్రు.

అందులో సగమే నిజం. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే మెదడు ఊపిరి వేగం పెంచుతుంది. క్లోరోఫాం ఎక్కువైతే ఆ కాపలా నిద్రపోతుంది. శరీరం ఇట్ల తనను తాను నిలకడగా ఉంచుకోవడానికే 1926లో వాల్టర్ కానన్ హోమియోస్టాసిస్ అని పేరు పెట్టిండు.

మిగతా సగం 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద చూపించిండు. మత్తు పలచగా ఉన్నప్పుడు అడ్రినలిన్ పెరిగితే గుండె లయ తప్పి ఆగిపోవచ్చు. భయంలో మనల్ని కాపాడేదే అక్కడ ప్రాణం తీస్తుంది.

ఊపిరి చూడమన్నది మంచి మాటే, నాడిని వదిలేయమన్నదే ప్రమాదం. రేపు మన గూడేల నుంచి ఆపరేషన్‌కు వచ్చేటోళ్ల పక్కన నర్సులుగా, డాక్టర్లుగా నిలబడేది మనమే. రెండూ చూద్దాం. ఏం చూస్తున్నమో వాళ్ల భాషలోనే వాళ్లకు చెబుదాం.