'నైసు' శబ్దము: అర్థపరిణామ విచారము

ఆంగ్లభాషలో 'నైస్' అను విశేషణమువలె వాడి వాడి అరిగిపోయిన మాట మఱియొకటి కానరాదు. భోజనము నైస్, వాన వెలిసిన సాయంకాలము నైస్, పొరుగువాని స్వభావమును నైసే. ఇంతటి సాధుశబ్దము పుట్టుకచే నిందావాచకము.

దీనికి మూలము లాటిన్ భాషలోని 'నెస్కియుస్'. అందు 'నె' నిషేధార్థకము, మన సంస్కృత నకారమునకు సజాతీయము. 'స్కీరే' యనగా ఎఱుగుట. కావున ఎఱుగనివాడు, అజ్ఞుడు అని అవయవార్థము. 'సైన్స్' అను పదమును ఈ 'స్కీరే' నుండియే జనించినది గనుక, సైన్సును నైసును ఏకోదరులే యనవలెను. ప్రాచీన ఫ్రెంచిలో అవివేకి యను అర్థముతో నిలిచిన ఈ మాట, 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిమ్మట ఫ్రెంచి పదములు తండోపతండములుగా ఆంగ్లమున చేరిన కాలములో తానును చేరి, 14వ శతాబ్దికవియైన ఛాసర్ రచనలలో మూర్ఖవాచకముగనే కానవచ్చుచున్నది. స్పానిష్ భాషలోని దీని సోదరశబ్దమగు 'నేసియో' నేటికిని మూర్ఖునే తెలుపును.

మూర్ఖుడు మనోహరుడగుట ఒక్క గంతులో జరిగినది కాదు. అవివేకినుండి విచ్చలవిడిగా తిరుగు విలాసికి, విలాసినుండి ప్రతిదానికిని ముక్కు విఱిచెడు సుకుమారునికి, సౌకుమార్యమునుండి సూక్ష్మతకు ఈ పదము మెల్లగా జరిగినది. ఈ సంధికాలములో అర్థములు ఎంతగా కలగాపులగమైనవనగా, 16, 17 శతాబ్దుల ప్రయోగములు పెక్కింటిలో రచయిత యుద్దేశించిన అర్థమేదో నిర్ణయింప కష్టమని ఆక్స్‌ఫర్డు నిఘంటుకారులే ఒప్పుకొనిరి. 1755లో వెలువడిన శామ్యూల్ జాన్సన్ నిఘంటువులో సూక్ష్మము, నిశితము, సుకుమారము అను అర్థములకే ప్రాధాన్యము. నేటి 'బాగున్నది' అను అర్థము అందు కానరాదు. అటుపిమ్మట కొలది దశాబ్దములలోనే ఆ అర్థము ఎంత ప్రబలినదో తెలియుటకు, జేన్ ఆస్టెన్ మరణానంతరము 1817 డిసెంబరులో ప్రకటితమైన 'నార్తాంగర్ ఆబీ' నవల చాలును: అందు హెన్రీ టిల్నీ, కథానాయిక ఈ మాటను ప్రతిదానికిని తగిలించుట చూచి, ఆమెను చమత్కారముగా ఎత్తిపొడుచును.

ఇట్టి పరిణామము మనకు క్రొత్త కాదు. సంస్కృతమున 'ముహ్' ధాతువునకు క్త ప్రత్యయము చేరగా మూఢ, ముగ్ధ అని రెండు రూపము లేర్పడును. పాణినీయము రెండింటిని సమ్మతించినది. ధాత్వర్థమును బట్టి రెండును తెలివి తప్పినవాని పేర్లే. ఐనను లోకము ఒకదానిని తిట్టుగా నుంచుకొని, రెండవదానిని లావణ్యమునకు ధారపోసినది. ఆలంకారికులు స్వీయానాయికను ముగ్ధ, మధ్య, ప్రగల్భ యని విభజించినప్పుడు, ఆ ముగ్ధయందలి ఎఱుగనితనమే సౌందర్యహేతువైనది. ముగ్ధశబ్దము ఒక్క అడుగులో దాటిన దూరమును నైసు శబ్దము చుట్టుదారిన నడచినదని నా తలంపు. అందును ముగ్ధకు మూఢ యను తోబుట్టువు ప్రక్కన నిలిచి పూర్వార్థమును కాపాడగా, నైసునకు ఆ భాగ్యము లేకపోవుటచే ఆంగ్లేయులలో సామాన్యులు దాని పుట్టుకను పూర్తిగా మఱచిరి.

తెలుగున జరిగినది మఱింత విచిత్రము. పిండి నైసుగా రుబ్బుమనియు, గుడ్డ నైసుగా నున్నదనియు మన యిండ్లలో అనుచుందురు; ఇచట ఆ మాటకు మెత్తన, నునుపు, సన్నదనము అర్థములే గాని 'బాగు' అను అర్థము కాదు. ఇది జాన్సన్ నాటి సూక్ష్మార్థమునకు మిక్కిలి చేరువ. ఆంగ్లమున 'సూక్ష్మభేదము' వంటి కొలది పలుకుబడులలో మాత్రమే మిగిలిన ఛాయ మన రుబ్బురోలికడ నిత్యవ్యవహారమున నున్నది. నునుపునుండి జారుడునకు త్రోవ దగ్గఱ గదా! పని చెప్పగనే నైసుగా జాఱుకొన్నాడనియు, నైసుగా మాటలాడి సొమ్ము రాబట్టినాడనియు అనునప్పుడు, లాటిన్‌లో ఏమియు నెఱుగనివానికి చెల్లిన మాట, ఎదుటివాడు ఎఱుగకుండ పని చక్కబెట్టుకొను గడుసువానికి చెల్లుచున్నది.