బొంతచేప, గోపాలపురపు తెప్ప

నలుబదియేండ్ల క్రిందట, మాఘమాసపు ఒక తెల్లవారుజామున, ఒడిస్సాలోని గంజాం తీరమున, గోపాలపురపు ఇసుకతిన్నెపై నిలిచి, వాడబలిజ జాలరు లిద్దరు తమ తెప్పను కట్టుకొనుట నేను చూచితిని. రాత్రియంతయు రెండు పాయలుగా విడివడి ఆరుచుండిన తేలికకర్ర దుంగలను వారు ఒకదానిప్రక్క నొకటి చేర్చి, ముందును వెనుకను త్రాటితో బిగించి, ముడిని మడమతో తొక్కి చూచుకొని, నీటికి మ్రొక్కి, "రండి బాబూ, ఎండెక్కితే అలలు లేస్తాయి" అని నన్ను పిలిచిరి. మేకు లేదు, బందు లేదు. విప్పిన కట్టెలమోపు, కట్టిన నావ. గంజాం, విశాఖ తీరములలో తెప్పను ఇట్లు రెండు పాయలుగా కట్టుట పూర్వాచారము. నీరుపీల్చిన కర్ర ఎండిన గాని మరునాడు తేలికగా తేలదు, విడదీసిన గాని లోపలివరకు ఎండదు.

ఒడియావారు వీరిని నోళియాలందురు. వీరి ఇంటిభాష తెలుగు. పొదంపేట, గరంపేట, ఆర్యపల్లి అని ఋషికుల్యా ముఖద్వారమునకు ఇరుప్రక్కల గల పల్లెల పేర్లను చదివినచో, ఏ భాష మాటలాడువారు ఆ యిసుకపై మొదట పందిళ్ళు వేసికొనిరో వేరుగ చెప్పనక్కరలేదు. దక్షిణదేశపు కులములను గూర్చి 1909లో ఏడు సంపుటములుగ వెలువడిన థర్‌స్టన్ దొర గ్రంథమున వీరి వేల్పులలో గంగమ్మతో కూడ గుఱ్ఱమెక్కిన బెంగాలీ బాబు అను దేవుడొకడు కనబడును. ఈ తీరమునకు ఉత్తరపు ఓడలతో ఎంత దీర్ఘమైన పరిచయము కలదో ఆ యొక్క పేరే తెలుపుచున్నదని నా తలంపు.

గంజాం చరిత్రను వ్రాసినవారు కోటలను గూర్చియు, జమీందారులను గూర్చియు విస్తరించిరి గాని, అలను దాటించినవానిని గూర్చి రెండు వాక్యములతో సరిపెట్టిరి. ఉత్తర సర్కారులు 1766లో కుంపిణీవారికి దక్కిన పిమ్మట, 1768లో ఎడ్వర్డ్ కాట్స్‌ఫర్డ్ వచ్చి ఋషికుల్యా ముఖమునొద్ద గంజాం పట్టణమున కోట కట్టించెను. 1815లో దారుణమైన విషజ్వరము ప్రబలి ఆ పట్టణమును పాడుపెట్టగా, దొరలును వర్తకులును దానిని విడిచిరి. కాలక్రమమున ఓడల వ్యాపారము గోపాలపురమునకు చేరెను. అచ్చట ఆ కాలమున ఓడలు దరిచేరుటకు వీలులేకుండెను. అవి దూరమున లంగరు వేసి నిలువగా, సరకులను, మనుష్యులను మూడు వరుసల నురుగలల మీదుగా దాటించినవి వాడబలిజల మసూలా పడవలు. పలకలను కొబ్బరినారతో కుట్టి, సందులలో గడ్డి కూరి చేసిన ఆ పడవ, అల కొట్టినప్పుడు పగులక, వెదురుబుట్టవలె వంగి మరల నిలుచును. మేకులు కొట్టిన దృఢమైన పడవ అదే అలకు ముక్కలగును. పొట్టకూటికై రంగము (రంగూను) పోయిన వేలాది గంజాం కూలీలు మొదట ఎక్కినది ఈ కుట్టుపడవనే, పొగయోడను కాదు. 1942లో బర్మా జపానువారి వశమగుటతో ఆ దారి మూతపడెను.

1914లో మాగ్లియోనీ అను ఇటలీ దేశస్థుడు గోపాలపురమున పామ్‌బీచ్ హోటలు కట్టించెను. దొరలు, దొరసానులు, తరువాత కలకత్తా బాబులు స్నానమునకు వచ్చినప్పుడు కోసుటోపీ పెట్టుకొని చేయి పట్టుకొని అలలలోనికి దింపినవాడును నోళియాయే. వారికి చేపలవేట చూడవలెనని బుద్ధిపుట్టినప్పుడు తెప్పపై కూర్చుండబెట్టుకొని లోతుకు కొనిపోయినవాడును నోళియాయే. కూలియిచ్చి వేటకు పోవు ముచ్చట నేటిది కాదని చెప్పుటకే ఇంతదూరము వచ్చితిని. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిస్సా రాష్ట్రమేర్పడి గంజాం మదరాసునుండి విడిపోవగా, బరంపురపు తెలుగు ప్లీడర్లు, ఉపాధ్యాయులు సభలు చేసి చింతించిరి; వాడబలిజలకు మాత్రము సముద్రమున సరిహద్దురాయి ఎక్కడను కనబడలేదు.

ఇక బొంత మాట. ఆ తెల్లవారుజామున మేము తెప్పపై పోయినది దానికొరకే. తెరచాప యెత్తి గంటసేపు పోయిన పిమ్మట, ముందు కూర్చున్న వృద్ధుడు నీటివంక చూడక, వెనుకకు తిరిగి తీరమువంక చూడసాగెను. గోపాలపురపు దీపస్తంభము వెనుకనున్న కెరండిమాల కొండలలోని ఒకానొక శిఖరమునకు సూటిగా రావలెను. దక్షిణమున తాటితోపు కొస ఒక బంగళా కప్పును మూయవలెను. ఆ రెండు గీతలును కలియుచోట, పదిహేను బారల లోతున, రాళ్ళున్నవి. "ఇదే జోడురాళ్ళు బాబూ. మా అయ్య చూపించాడు" అని అతడు రాతిలంగరు జారవిడిచెను. కంటికి కనబడని రాతిని కొండతోడను, తోపుతోడను గురుతుపట్టు ఈ విద్య ఏ పటమునను లేదు. తండ్రి కుమారునికి తెప్పపైననే చెప్పవలెను.

గేలమునకు కానాగంత ముక్కను గ్రుచ్చి దింపితిమి. బొంత ఇసుకలో తిరుగు చేప కాదు. రాతిసందున ఇల్లు చేసికొని, వాకిట నిలిచి, ఎర దగ్గరకు రాగానే నోరంతయు తెరచి నీటితో కూడ మ్రింగి, మరుక్షణమే లోపలికి దూరి, మొప్పలు విచ్చి బిగించుకొనును. త్రాడు నా వ్రేళ్ళలో ఒక్కసారి బరువెక్కినంతనే వృద్ధుడు కేకవేసెను: "బేగి లాగండి బాబూ! రాతిలో దూరిందంటే మనది కాదు." లాగితిని. అరచేయి కోసికొనిపోయెను. ఏడెనిమిది బారలవరకు పోరాడిన చేప ఆ పైన చల్లబడి, బరువుగా మాత్రము వచ్చెను. కారణము పైకి తేలినప్పుడు తెలిసెను: లోతులోని ఒత్తిడి తగ్గుటతో దాని కడుపులోని గాలితిత్తి ఉబ్బి, జీర్ణకోశము నోటివెలుపలికి ఎఱ్ఱని బుడగవలె త్రోసికొని వచ్చియుండెను. బూడిదరంగు మేనిపై తేనెరంగు మచ్చలు క్షణక్షణము ముదురుచు, వెలియుచు మారుచుండుట చూచి నాకు జాలి కలిగినమాట నిజము.

ఈ చేప పేరునకు ఒక విశేషమున్నది. స్కాట్లండు దేశీయుడైన పాట్రిక్ రస్సెల్ వైద్యుడు 1780 దశకమున విశాఖపట్టణమున నివసించి, జాలరులు తెచ్చిన చేపలకు బొమ్మలు వ్రాయించి, వారు పలికిన తెలుగు పేర్లనే వాటి క్రింద చేర్చి, 1803లో లండనులో రెండువందల చేపల గ్రంథమును ప్రకటించెను. పాములను గూర్చి వ్రాసినవాడుగనే లోకము అతనిని తలచుకొనును. నాకు మాత్రము ఈ చేపల పుస్తకమే మిన్న. అందు పండుగప్ప "పండుమీను" అను పేరుతో నున్నది. "బొంతు"లు పలువిధములుగ నున్నవి, వానిలో నీలపుచారల "రాతి బొంతు" ఒకటి. పారిసులోని పండితులు ఆ మాటను గ్రహించి 1828లో ఒక జాతికి సెర్రానస్ బొంతూ అని లాటిను పేరు పెట్టిరి. బ్లీకర్ అను డచ్చి పండితుడు మఱియొక జాతికి బొంతును పోలినది అను నర్థమున బొంతాయిడిస్ అని పేరిడెను. ఆ పేరు నేటికిని శాస్త్రమున చెల్లుచున్నది. ఉత్తర సర్కారుల చదువెరుగని జాలరి నోటిమాట ప్రపంచపు జంతుశాస్త్రమున నిలిచియున్నదనిన, మన విశ్వవిద్యాలయములలో దీనిని బోధించువారు నాకు తెలిసినంతలో లేకుండుట నాకు బాధాకరముగ తోచును.

అమెరికా తూర్పుతీరమున ఈ బొంతకు బంధువగు నల్లచేప యొకటి కలదు. కూలియిచ్చి వేటకు పోవు మనవారివలెనే అచ్చటి జనులు టిక్కెట్టు కొని పడవలెక్కి, రాళ్ళపైననే దానికి గేలము వేయుదురు. ఆ చేపకును, మన బొంతకును ఒకటే స్వభావము: చిన్ననాట ఆడుదై గ్రుడ్లుపెట్టి, పెద్దదైనపిమ్మట మగదిగా మారును. పెద్దవానినే ఏరి పట్టినచో ఆ రాతిపై మగచేపలు కఱవగును. అందుచేతనే అచ్చట ఎంత పొడవుగల చేపను ఉంచుకొనవచ్చునో, ఎన్ని పట్టవచ్చునో శాసించిరి. జోడురాళ్ళ వృద్ధుడు నాలుగు చేపలు దొరకగానే లంగరెత్తెను, నేను ఇంకను ఆశపడగా, "రాయి ఖాళీ చేస్తే రేపేటి తింటాం?" అనెను.

వంట వారి ఇంటనే జరిగెను. బొంతపొలుసు సన్నము, చర్మమును విడువదు; ఇల్లాలు బూడిద పూసి కత్తిపీటమీద ఓపికగా గీకి, తలను రెండుగ చీల్చి, ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి, వెడల్పాటి మట్టిదాకలో ఉల్లి వేచి చింతపండు పులుసు పోసెను. మరుగుచున్న పులుసులో ముక్కలు వేసినపిమ్మట గరిటె పెట్టలేదు. గుడ్డతో దాక అంచులు పట్టుకొని మెల్లగ త్రిప్పినది. అంతవరకు విశాఖ వంటయే. దింపబోవు ముందు వెల్లుల్లితో నూరిన ఆవముద్దను కలిపి, ఒక్క పొంగు రాగానే నిప్పులు లాగివేసెను. ఆవ మించి మరిగిన చేదెక్కునట. ఒడియా ఇండ్లలో ఆవకు తోడుగ ఎండుమామిడి వేయుదురు, ఆమె చింతపండు విడువలేదు. తల అతిథికని నా కంచములో పడెను.

తరువాత కర్రతెప్పలు పోయి ఫైబరు పడవలు, మోటార్లు వచ్చినవి. 2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపురమునొద్దనే తీరము దాటి, పడవలను, వలలను నాశనము చేసెను. పొదంపేటను సముద్రము ఇల్లిల్లుగ మ్రింగినది. మొన్న మరల పోయినప్పుడు ఆ వృద్ధుని మనుమడు నన్ను గురుతుపట్టి, తన చేతి ఫోనులో దిక్కులు చూపు పటము తెరచి, సముద్రమున చుక్కలు పెట్టిన తావులను ఒక్కొక్కటిగ చూపెను. అతడు చదివినది ఒడియా బడిలో. ఒక చుక్కప్రక్కన ఒడియా అక్షరములతో వ్రాసికొనిన మాటను కూడబలుకుకొని చదివితిని: జోడురాళ్ళు.