పరంగి దిగాడు, ఫిరంగి మిగిలింది

వలందపాలెం, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం. గూడూరు నుంచి పనుల మీద బందరు వెళ్లొచ్చే మాకు ఇవి ఆటో డ్రైవరుకు చెప్పే పేటల పేర్లు. వలందా అంటే హాలెండు వాడు. పరాసు అంటే ఫరాసీసు, అంటే ఫ్రెంచివాడు. 1606 నాటికి డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు, 1669లో ఫ్రెంచివాళ్లు ఈ రేవులో కొట్లు పెట్టుకున్నారు. ఎవరు ఏ దేశం వాడో రేవుజనం చక్కగా గుర్తుపట్టి, పలకడానికి వీలుగా పేర్లు పెట్టుకున్నారు.

వీళ్లందరికంటే ముందే మన సముద్రాల మీదికి వచ్చినవాడు పోర్చుగీసువాడు. వాడికి పడిన పేరు పరంగి. అది మనం పుట్టించిన మాట కాదు. యూరపులో ఫ్రాంకులనే జాతి ఉండేది. శిలువ యుద్ధాల కాలంలో పడమటి నుంచి వచ్చిన ప్రతివాణ్ణీ అరబ్బులు ఆ జాతి పేరుతోనే పిలిచారు. అదే పారశీకంలో ఫరంగీ అయింది. బందరు అన్న మాటా పారశీకమే, రేవు అని అర్థం. గోల్కొండ నవాబుల రేవులో ఆ భాష వినిపించడం వింతేమీ కాదు. మన నోట 'ఫ' తరచూ 'ప' అవుతుంది కాబట్టి అది పరంగి అయింది. ఇదే మాట థాయిలాండులో ఫరంగ్, ఇథియోపియాలో ఫెరెంజ్. థాయివాళ్లు జామకాయనూ ఫరంగ్ అనే అంటారు.

ఆ తర్వాత పేరు మనిషి మీద నుంచి అతను తెచ్చిన సరుకుల మీదికి పాకింది. సీమ నుంచి వచ్చిన పెద్ద తుపాకీ ఫిరంగి. మరాఠా యోధులు పట్టిన నిటారు సీమకత్తి పేరూ ఫిరంగియే. 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డు బందరు కోటను ఫ్రెంచివాళ్ల నుంచి లాక్కున్నాడు. అప్పుడు అటూ ఇటూ పేలినవి ఫిరంగులే, పేల్చినవాళ్లలోనూ పరంగులున్నారు.

నాకు అన్నిటికంటే ఆశ్చర్యంగా తోచేది వైద్యం వైపు జరిగిన కథ. సవాయి రోగాన్ని, అంటే సిఫిలిస్‌ను, 16వ శతాబ్దపు వైద్యగ్రంథం 'భావప్రకాశం' ఫిరంగ రోగం అంది. ఎవరి వల్ల వచ్చిందని నమ్మారో వాళ్ల పేరే పెట్టారన్నమాట. దానికి మందుగా చీనా నుంచి ఓడల మీద ఒక దుంప వచ్చేది. గోవాలో ఉన్న పోర్చుగీసు వైద్యుడు గార్సియా ద ఓర్తా 1563లో అచ్చయిన తన పుస్తకంలో దాని గురించి వివరంగా రాశాడు. ఉత్తరాదిన దాన్ని చోప్‌చీని అంటారు, అందులో చీనా పేరుంది. మనం మాత్రం పుట్టిన దేశాన్ని వదిలేసి, తెచ్చినవాడి పేరుతో పరంగిచెక్క అన్నాం. రోగానికీ వాడి పేరే, మందుకీ వాడి పేరే! ఇంత నిష్పక్షపాతంగా పేరు పెట్టినవాళ్ల మీద నాకు గౌరవం కలుగుతుంది.

మనుషుల విషయంలో మాత్రం ఆ పేరు మెల్లగా మైలపడింది. పరంగి అంటే గొడ్డుమాంసం తిని, కల్లు తాగి, శుచీ శుభ్రం లేకుండా తిరిగేవాడనే అర్థం స్థిరపడింది. 1606లో మదురై చేరిన ఇటలీ పాదిరి రాబర్టు డి నొబిలి, 'నేను పరంగిని కాను' అని జనానికి పదేపదే చెప్పుకోవలసి వచ్చింది. కాషాయం కట్టాడు, మాంసం మానేశాడు. ఒక్క మాట తగలకుండా ఉండడానికి ఒక మనిషి అంత దూరం వెళ్లాడు. చెన్నైలో సెయింట్ థామస్ మౌంటును తమిళులు ఇప్పటికీ పరంగిమలై అనే పిలుస్తారు. అక్కడ ఆ మాటలో ఏ కోపమూ లేదు, అది రైల్వే స్టేషను పేరు కూడా.

బందరులో డచ్చివాళ్ల శ్మశానం ఉంది. సమాధుల మీద నల్లరాతి పలకలు, వాటి మీద ఉబ్బెత్తుగా చెక్కిన అక్షరాలు, వంశచిహ్నాలు. వేలితో తడిమితే ఒక్కో అక్షరం అంచు ఇంకా తెలుస్తుంది. ఆ రాతల్లో వాళ్లు తమకు తాము పెట్టుకున్న పేర్లున్నాయి, వాటిని ఈ ఊళ్లో చదివేవాళ్లు అరుదు. వలందపాలెం మాత్రం ఆటో డ్రైవరుకు ఒక్కసారి చెబితే చాలు.